కరెంటు లేని బడికి ఆరు ఫ్యాన్లు

చిలేంబా, మలావీ
18 ఆగస్టు 2024

శేషారత్నం అత్తయ్యకి,

ఇందుజ నమస్కారాలు. మొన్న ఫోనులో నా గొంతు మీకు ముక్కలుముక్కలుగా వినబడి, "ఏమిటే, ఎవరికి జ్వరం?" అని మీరు నాలుగుసార్లు అడిగాక, ఇక ఉత్తరమే నయమనుకున్నాను. ఇలా కాగితం మీద రాసి, ఆదివారం సంతకి వెళ్ళినప్పుడు ఫొటో తీసి వాట్సాప్‌లో పెడతాను. టవరు అక్కడే ఉంది. మీరూ అలాగే రాసి పంపండి. మీ చేతిరాత చూస్తే మీరు ఎదురుగా కూర్చుని కేకలేస్తున్నట్టే ఉంటుంది నాకు.

మేం కులాసా. గణపవరం చేపల చెరువుల మీద నేర్చుకున్న విద్యతోనే ఈయన ఇక్కడ కంపెనీ చెరువులు చూసుకుంటున్నారు. ఇక్కడి సరస్సు చూసిన మొదటిరోజు "మన కొల్లేరులాగే ఉందండీ" అన్నాను. "దీనికి అవతలి గట్టు కనిపిస్తోందేమో చూసి చెప్పు" అన్నారు. కనిపించలేదు.

ఇక అసలు విషయం. మా క్వార్టర్స్‌కి దగ్గరలోనే ఊరి ప్రభుత్వ బడి ఉంది. తోవ తప్పేందుకే లేదు, మా చెరువులకి వచ్చే కరెంటు స్తంభాల వెంట నడుచుకుంటూ పోతే బడి ముందు నుంచే పోతాం. పొద్దు గడవక వెళ్ళి, లెక్కలు చెబుతానన్నాను. హెడ్‌మిస్ట్రెస్ పేరు సిల్వియా. నన్ను కిందికీ మీదికీ చూసి, "రేపు రండి, ఎల్లుండి కూడా వస్తే అప్పుడు నమ్ముతాను" అంది. అచ్చం మీరే.

గదులున్నాయి, పైకప్పుంది, టీచర్లున్నారు. బెంచీల్లేవు. పిల్లలు నేల మీద కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని రాస్తారు. రాస్తే రాశారులెండి, గొడవ అక్కడితో ఆగలేదు. ఇక్కడ ఎనిమిదో తరగతికి పెద్దపరీక్ష ఉంటుంది. బెంచీలుంటేనే బడికి పరీక్షా కేంద్రం ఇస్తారు. లేవు కాబట్టి మా పిల్లలు ఏరు దాటి ఇంకో ఊరు వెళ్ళి రాయాలి. మొన్న మే నెలలో పరీక్ష రెండోరోజు ఏరు పొంగింది. క్రిస్టినా అని ఒక పిల్ల ఒడ్డున నిలబడి, మధ్యాహ్నం దాకా చూసి, ఇంటికొచ్చేసింది. మళ్ళీ అదే క్లాసు చదువుతోంది. లెక్కల్లో చురుకు. ఈసారి కూడా పరీక్ష తప్పితే ఇక చాలు, కొట్లో కూర్చోమన్నాడట వాళ్ళ నాన్న.

భీమవరం నుంచి మా కంపెనీకి ఒక కంటైనరు వస్తోంది, చెరువుల్లో నీళ్ళు చిలికే ఏరేటర్లతో. అందులో ఒక మూల మనకిస్తారు. ఈయన అడిగి ఒప్పించారు. కొల్లేటికోట బడిలో మీరు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు దాతల చేత ఏమేం ఇప్పించారో నాన్న ఇప్పటికీ చెబుతుంటారు. విడగొట్టి సర్దేలా ఇనప బెంచీలు ఇప్పించరూ? మావయ్యగారికి నమస్కారాలు.

మీ మేనకోడలు
ఇందుజ


తాడేపల్లిగూడెం
1 సెప్టెంబరు 2024

చిరంజీవి ఇందూకి,

అత్తయ్య దీవెనలు. నీ ఉత్తరాన్ని మీ మావయ్య ఫోనులో పెద్దది చేసీ చిన్నది చేసీ చదివి, "దీని రాత కూడా వాళ్ళ నాన్న రాతలాగే కోడి గెలికినట్టుంది" అన్నారు. నేను ఒప్పుకోలేదు గానీ, అబద్ధమైతే కాదు.

ఆ పిల్ల ఏటి ఒడ్డున నిలబడిందని చదివాక నాకు కాఫీ సహించలేదు. మర్నాడే చెప్పులేసుకుని బయల్దేరాను. ముందు మన వీధి చివర కోదండరామయ్యగారి దగ్గరికి వెళ్ళాను. రెవెన్యూ ఆఫీసులో చేసి రిటైరైన మనిషి, ఆయన ఒక్కరు ఊఁ అంటే వీధంతా ఊఁ అంటుంది. అంతా విని, "ఇవ్వడానికేముందండీ, మంచి పని. మా నాన్నగారి పేరు మీద ఇస్తాను. కానీ బెంచీ ఏమిటండీ? నాన్నగారి పేరు రాసిన బల్ల మీద పిల్లలు ఎక్కి కూర్చుంటారా?" అన్నారు.

పేరు వెనకాల రాయిద్దామన్నాను. "వెనక్కూర్చున్నవాడు కాళ్ళు చాపుతాడండీ" అన్నారు. ఆ ముక్క వీధంతా పాకిపోయింది. నేను వెళ్ళేలోపలే ప్రతి ఇంట్లోనూ సిద్ధంగా ఉంది. పోయినవాళ్ళ పేరు మీద ఎవరైనా కూర్చుంటారా అండీ, అని. అదే ఫ్యానైతే పైన ఉంటుంది, తలెత్తి చూస్తారు. మన గుళ్ళల్లో, బళ్ళల్లో నువ్వు చూడలేదా? ఏ ఫ్యాను ఆపి చూసినా రెక్కకొక దాత ఉంటాడు.

మొత్తానికి ఆరు ఫ్యాన్లు. అందరికంటే ముందు ఇచ్చింది మన పక్కింటి నాగరత్నం. వాళ్ళాయన కామేశంగారు నీకు గుర్తుండే ఉంటారు, హైస్కూలు డ్రాయింగు మాస్టారు. పోయినేడు పోయారు. పెయింటరు పక్కన పీట వేసుకుని కూర్చుని మరీ రాయించింది. ఒక రెక్క మీద కీర్తిశేషులు, ఒక రెక్క మీద కామేశం, ఒక రెక్క మీద డ్రాయింగు మాస్టారు. కింద అదే ఇంగ్లీషులో. మా అత్తగారి పేరున నేనూ ఒకటి రాయించాను. బతికుండగా ఆవిడ నా మీద గాలి కూడా ఆడనిచ్చేది కాదు, ఇప్పుడు ఆఫ్రికాలో విసురుతుంది.

నువ్వు అడిగింది బెంచీలని నాకు తెలుసు. దొరికింది పుచ్చుకుని, దొరకనిదానికి మళ్ళీ తిరగాలి. అదే మన పద్ధతి. కరెంటు తీగ బడి ముందు నుంచే వెళ్తుందన్నావు కాబట్టి బెంగలేదు. రేపే కంటైనరు బయల్దేరుతోంది.

అల్లుడు హేమంత్‌కి ఆశీస్సులు చెప్పు. సరస్సు దగ్గర దోమలుంటాయి, పొడుగుచేతుల జాకెట్లు తొడుక్కో.

అత్తయ్య
శేషారత్నం


చిలేంబా
22 సెప్టెంబరు 2024

అత్తయ్యా,

రెండు ఆదివారాలు సంతకి వెళ్ళడం పడలేదు. మీ ఉత్తరం ఇవాళ చూశాను. సంతలో టమాటాల బుట్ట పక్కన కూలబడి చదివాను. కంటైనరు ఈపాటికి సముద్రంలో ఉండుంటుంది.

తీగ బడి ముందు నుంచే వెళ్తుంది. వెళ్తుందంతే, బడిలోకి దిగదు. ఆ లైను కంపెనీ వేయించుకున్నది. బడికి కనెక్షన్ కావాలని సిల్వియా అర్జీ పెట్టి ఏళ్ళయిందట. "ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం" అంటారే, అలా అయింది మన పని.

సంతకి వచ్చిన సిల్వియాకి ఎలా చెప్పాలో తెలియక, ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. బెంచీ మీద పేరు రాస్తే ఎందుకు తప్పో, ఫ్యాను మీద రాస్తే ఎందుకు తప్పు కాదో కూడా చెప్పాను. ఆవిడ గోడ పట్టుకుని మరీ నవ్వింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, "మర్యాద తెలిసిన మనుషులు. ఆ మర్యాద కాస్త ఎత్తులో ఉండిపోయింది" అంది. పోనీ వచ్చాక చూద్దాం అంది.

ఇప్పుడేం చెయ్యమంటారు?

ఇందు


తాడేపల్లిగూడెం
6 అక్టోబరు 2024

చిరంజీవి ఇందూ,

ముప్పయ్యేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, నాకు సామెతలు చెప్పకు.

కొల్లేటికోటలో నేను చేరినప్పుడు బడికి పడవ మీద వెళ్ళేదాన్ని. కరెంటు లేదు. అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయి, ముందు ఫ్యాన్లు బిగించేశాను. అంతే. ఎవరొచ్చినా తలెత్తి చూడ్డం, "ఇవి తిరగవేంటమ్మా?" అనడం. మీరే చెప్పాలండీ, అని నేను వినయంగా చేతులు కట్టుకోవడం. మూడో ఆఫీసరుకి సిగ్గేసింది, వైరు వచ్చింది. సిగ్గు ఏ దేశంలోనైనా ఒకటే. ఫ్యాన్లు బిగించి ఆఫీసర్లని పిలువు. అడగందే అమ్మైనా పెట్టదు.

నాగరత్నం రోజూ సాయంత్రం వచ్చి ఓడ ఎంతదాకా వెళ్ళిందని అడుగుతోంది. సముద్రం గురించి నాకు తెలిసినదంతా అయిపోయింది, ఇప్పుడు కల్పించి చెబుతున్నాను.

మీ మావయ్యకి కాలి వాపు తగ్గింది. పులస చేప దొరికిందంటూ ఎవరో ఆశపెట్టి, తీరా సముద్రపు విలస అంటగట్టారు. తెలిసీ తిన్నారు.

అత్తయ్య


చిలేంబా
8 డిసెంబరు 2024

అత్తయ్యకి,

క్షేమమని తలుస్తాను. కంటైనరు వచ్చింది. ఫ్యాన్లు భద్రంగా వచ్చాయి, ఒక్క రెక్క కూడా వంగలేదు. ఇప్పుడు ఆరు ఫ్యాన్లూ చక్కగా తిరుగుతున్నాయి. నాగరత్నంగారికి చెప్పండి, కామేశంగారి ఫ్యానే అన్నిటికంటే ఎక్కువ తిరుగుతోంది.

ఇంకో మంచి మాట. ఊళ్ళోవాళ్ళు చెక్కలు ఇచ్చారు, వడ్రంగి కూలి లేకుండా బెంచీలు చేశాడు. ఎనిమిదో తరగతిలో ముప్పాతిక మంది ఇప్పుడు బెంచీల మీదే. పరీక్షలాఫీసు నుంచి ఒకాయన వచ్చి చూసి, ఏప్రిల్ ఆఖరులోగా మిగతావాళ్ళకీ ఉంటే కేంద్రం ఇస్తామని రాసిచ్చారు. చెక్క మాత్రం ఇక దొరకదు. క్రిస్టినాకి ఇంకా బెంచీ లేదు. వెనకొచ్చిన చిన్నపిల్లలకి తన చోటు ఇచ్చేసి కింద కూర్చుంది.

వానలు పడుతున్నాయి. ఇక్కడ గోంగూర విచ్చలవిడిగా దొరుకుతుంది అత్తయ్యా, వీళ్ళు పూలు కాచి తాగుతారు. నేను ఆకు కోసి పచ్చడి చేసి సిల్వియాకి పెట్టాను. మొదటి ముద్దకి ఒక కన్ను మూసుకుంది. రెండో ముద్దకి గిన్నె అడిగింది.

సిగ్నలు బాగాలేక ఫొటోలు పంపలేకపోతున్నాను.

ఇందు


తాడేపల్లిగూడెం
22 డిసెంబరు 2024

చిరంజీవి ఇందూ,

చెప్పానా? సిగ్గు పనిచేస్తుందని చెప్పానా? నీ ఉత్తరం చదివి వీధి వీధంతా తిరిగి చెప్పొచ్చాను. కోదండరామయ్యగారు నాన్నగారి పటానికి దండ వేయించి, అందరికీ తాపేశ్వరం కాజాలు పంచారు. కరెంటు లేని ఊళ్ళో కరెంటు తెప్పించిన ఫ్యాన్లని రైల్వే స్టేషన్లో కూడా చెప్పుకుంటున్నారట.

అయితే నాకో సందేహం. ఉత్తరాన్ని ఫొటో తీసి పంపగలిగినదానివి, ఫ్యానుని ఫొటో తీసి పంపలేవా? నాగరత్నం వస్తుంది, కూర్చుంటుంది, నా ఫోను వంక చూస్తుంది, వెళ్ళిపోతుంది. తిరుగుతుండగా చిన్న వీడియో కూడా కావాలట. తిరిగేటప్పుడు పేరు కనబడదు కదా నాగరత్నం అంటే, "తిరగడం చూస్తే చాలక్కయ్యా" అంది. ఈ ఆదివారం తప్పకుండా పంపు.

ఫిబ్రవరిలో మీ కంపెనీకి ఇంకో కంటైనరు ఉందని హేమంత్ వాళ్ళ నాన్నగారు చెప్పారు. మన ఫ్యాన్లు ఇంత పేరు తెచ్చుకున్నాక ఊరుకుంటారా? ఇంకో నాలుగు సిద్ధమవుతున్నాయి.

అత్తయ్య


చిలేంబా
12 జనవరి 2025

అత్తయ్యా,

ముందు కూర్చోండి. మావయ్యగారిని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.

ఫ్యాన్లు తిరుగుతున్నాయని రాసింది నిజం. బడిలో తిరుగుతున్నాయని నేను రాయలేదు. మీరు అలా అనుకుంటారని తెలిసే రాయలేదు. అది అబద్ధం కంటే పెద్ద తప్పని ఈయన ఆరోజే అన్నారు.

మీరు చెప్పినట్టే చేద్దామన్నాను సిల్వియాతో. ఆవిడ నా మాట మొత్తం విని, "ఆఫీసర్లకి సిగ్గేసేసరికి మే నెల దాటిపోతుంది. మన ఊళ్ళో కరెంటున్న చోట ఫ్యాన్లు లేవు, చెక్కలున్నవాళ్ళకి ఫ్యాన్లు కావాలి. మార్చుకుందాం" అంది. నేను ఒక పూట ఆలోచించి సరేనన్నాను. అందుకని ఇప్పుడు అవి చాలావరకు రోడ్డు మీద సెంటర్లో ఉన్నాయి. ఒకటి మంగలిషాపులో. ఆ షాపాయన తమ్ముడే వడ్రంగి. ఒకటి పిండిమరలో. మరాయన మేకులిచ్చి, చెక్కలన్నీ తన బండి మీద తోలాడు. రెండు ఆసుపత్రికి ఊరికే ఇచ్చేసింది సిల్వియా. అందులో మీ అత్తగారు కాన్పుల గదిలో ఉన్నారు. నర్సులు ఆవిడని చాలా మెచ్చుకుంటున్నారు.

ఇక మిగతా రెండు. కోదండరామయ్యగారి నాన్నగారు మాంసం కొట్లో ఉన్నారు. ఈగలు రాకుండా. ఆయన ఉల్లిపాయ కూడా ముట్టేవారు కాదని మీరు చెప్పింది నాకు గుర్తుంది. ఆ కొట్టు క్రిస్టినా వాళ్ళ నాన్నది.

కామేశంగారు సరస్సు ఒడ్డున బారులో ఉన్నారు. అన్నిటికంటే ఎక్కువ చెక్క ఇచ్చింది ఆ బారావిడే. పెద్ద చెట్టు కోయించి ఉంచుకుందట, మొత్తం ఇచ్చేసింది. పొద్దున తీస్తే రాత్రిదాకా మూయరు, అందుకే ఆయన ఎక్కువ తిరుగుతున్నారని రాశాను.

వీడియో తీశాను. పంపడానికి చెయ్యి రావడం లేదు. చుట్టూ సీసాలున్నాయి, కింద మనుషులు గంతులేస్తున్నారు.

మీరు తిట్టండి, పడతాను. కానీ ఆ కంటైనర్లో ఫ్యాన్లు మాత్రం పంపకండి. అది ఏప్రిల్లో వస్తుంది. అందులో బెంచీలు వస్తేనే కేంద్రం, కేంద్రం వస్తేనే క్రిస్టినా పరీక్ష. ఇంకో దారి కనబడలేదు నాకు. నాగరత్నంగారికి మాత్రం చెప్పకండి.

ఇందు


తాడేపల్లిగూడెం
19 జనవరి 2025

ఇందుజకి,

చదివాను. మీ మావయ్య కాజా నోట్లో పెట్టుకుని చదవబోయారు, పొలమారింది. ఇంకా నవ్వుతూనే ఉన్నారు. నాకు నవ్వు రావడం లేదు.

నేను ఎవరి గుమ్మం ఎక్కినా లేచి నిలబడతారే, అది నా ఉద్యోగం వల్ల కాదు. ఇచ్చింది ఇచ్చినచోటే ఉంటుందన్న నమ్మకం వల్ల. ఆ నమ్మకాన్ని నువ్వు బారులో వేలాడదీశావు. సిల్వియాని నేనేమీ అనను. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్నేమో. నువ్వు నాకు చెప్పకపోవడమే నన్ను కోసింది. నేను ఊరంతా తిరిగి కరెంటు వచ్చిందని చాటాను కదే.

ఇప్పుడు బెంచీలు అడగాలంటే ఫ్యాన్ల సంగతి చెప్పాలి. చెబితే ఇక ఎవరూ ఏమీ ఇవ్వరు. చెప్పకుండా అడిగితే నన్ను నేను హెడ్‌మిస్ట్రెస్ అని పిలుచుకోలేను. ఆలోచించుకోవాలి. నువ్వు ఉత్తరం రాయకు కొన్నాళ్ళు.

శేషారత్నం


తాడేపల్లిగూడెం
2 ఫిబ్రవరి 2025

చిరంజీవి ఇందూ,

కోపం ఉంది, కానీ కబురు ఆగడం లేదు.

చెప్పేశాను. ముందు నాగరత్నానికే చెప్పాను, ఆవిడకి వేరేవాళ్ళ నోట తెలిస్తే నేను భరించలేను. వంటింట్లో కూర్చోబెట్టి, మాస్టారి ఫ్యాను బడిలో లేదు, బారులో ఉంది నాగరత్నం, నన్ను క్షమించు అన్నాను. "అక్కడ జనం ఉంటారా అక్కయ్యా?" అంది. ఉంటారట, రాత్రిదాకా అన్నాను. "పాటలు?" అంది. అవీ ఉంటాయన్నాను.

నవ్వింది ఇందూ. చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళమ్మట నీళ్ళు కారుతుండగా నవ్వింది. ఆయన పోయాక ఆ మనిషి అలా నవ్వగా నేను చూడలేదు. "ఆయనకి నలుగురు మనుషుల్లేకపోతే ఊపిరాడేది కాదక్కయ్యా. ఏ బండీ ఎక్కేది లేకపోయినా స్టేషన్‌కెళ్ళి బల్ల మీద కూర్చుని, వచ్చేవాళ్ళతో పోయేవాళ్ళతో కబుర్లాడి వచ్చేవారు. సెలవుల్లో బడి తాళం వేసి ఉంటే ఏం చేస్తారా అని బెంగ పెట్టుకున్నాను. ఇదే నయం" అంది. ఆ వీడియో పంపు. సీసాలు ఉంటే ఉండనీ.

నేను ఆ ఊపులో బెంచీల మాట కూడా చెప్పేశాను. క్రిస్టినా సంగతి, ఏప్రిల్ సంగతి, అన్నీ. నాగరత్నం లేచి నిలబడింది. "ఆయన వీపెక్కి ఆడని పిల్ల మన వీధిలో ఉందా? క్లాసులో బొమ్మ వేస్తుంటే పిల్లలు భుజాల మీద ఎక్కి చూసేవాళ్ళు. వీపు మీద కూర్చుంటే లేని తప్పు పేరు మీద కూర్చుంటే వచ్చిందా? బెంచీలే చేయించండి. పేరు వెనకాలా పక్కనా వద్దు, కూర్చునే చోటే రాయించండి" అంది. ఆ మాట తనే గుమ్మం గుమ్మానికీ వెళ్ళి చెప్పింది. నేను వెనకాల నడిచానంతే. అవతలివాళ్ళు అక్కడికక్కడే ఒప్పుకుని, సగంలో ఉన్న నాలుగు ఫ్యాన్ల పని ఆపించేశారు.

కోదండరామయ్యగారి దగ్గర మాత్రం నేనే నోరు విప్పాల్సొచ్చింది. మాంసం కొట్టు అన్న మాట దగ్గర ఆయన మొహం చూడలేక గోడ మీది క్యాలెండరు చూస్తూ చెప్పాను. లేచి లోపలికి వెళ్ళిపోయారు. కొన్ని రోజులు బయట కనబడలేదు. నిన్న పొద్దున్నే మా గేటు దగ్గర నిలబడి, "ఏవండీ, ఆ కొట్టాయనకి పిల్లలున్నారా అండీ?" అన్నారు. పరీక్ష తప్పిందే, ఆ పిల్ల ఆయన కూతురేనండీ అన్నాను. చాలాసేపు చేతికర్రతో నేల గీస్తూ నిలబడ్డారు. "నాన్నగారు పోయేదాకా కూడా మా పిల్లల చేత ఎక్కాలు అప్పజెప్పించుకునేవారండీ. అయితే అక్కడే ఉండనివ్వండి. ఒక బెంచీ నేనూ ఇస్తాను" అన్నారు. రెండడుగులు వేసి మళ్ళీ వెనక్కి తిరిగి, "పేరు మాత్రం వీపు ఆనించేచోట రాయించండి. అంతకంటే కిందికి నేను దిగలేనండీ" అన్నారు. ఆయన అంతవరకు దిగడమే గొప్ప.

వెల్డింగు షాపులో పని మొదలైంది. విడగొట్టి సర్దుతారు, బోల్టులు సంచిలో కట్టిస్తాను. నిన్ను పూర్తిగా క్షమించలేదు. ఉత్తరం రాయి.

అత్తయ్య


చిలేంబా
18 మే 2025

అత్తయ్యకి, నాగరత్నంగారికి, కోదండరామయ్యగారికి,

ఈ ఉత్తరం మీ ముగ్గురికీ కలిపి. అత్తయ్య గట్టిగా చదవాలి.

కంటైనరు ఆలస్యమైంది. బెంచీలు వచ్చేసరికి ఏప్రిల్ ఆఖరివారంలో పడ్డాం. నట్లు బిగించడానికి ఈయన చెరువుల మీది మనుషులందరినీ తోలుకొచ్చారు. పరీక్షలాఫీసాయన వచ్చేసరికి సిల్వియా ఒక్క పిల్ల కూడా నేల మీద లేకుండా కూర్చోబెట్టి, గుమ్మంలో నిలబడింది. ఆయన వరసలన్నీ తిరిగి, కాగితం మీద సంతకం పెట్టారు. సిల్వియా ఆయన వెళ్ళేదాకా గంభీరంగా ఉండి, బండి మలుపు తిరగ్గానే నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. నా బరువు మీకు తెలుసు కదా.

పరీక్షలు అయిపోయాయి. రెండోరోజు వాన పడింది. ఏరు ఎలా ఉందో ఎవరూ వెళ్ళి చూడలేదు, చూడాల్సిన పని లేకపోయింది.

మీకు చెప్పాల్సింది మొదటిరోజు సంగతి. బెంచీలు వచ్చిన కొత్తలో, వాటి మీద తెలుగులో, కింద ఇంగ్లీషులో రాసిన ఆ పేర్లేమిటని పిల్లలు అడిగితే నేను చదివి చెప్పాను. మా ఊళ్ళో పెద్దవాళ్ళ పేరు మీద కూర్చోవడం తప్పంటారు, అందుకే ఇవి రావడం ఇంత ఆలస్యమైంది, వాళ్ళు మీకోసం మనసు మార్చుకున్నారు అని కూడా చెప్పాను. నవ్వుతారనుకున్నాను. నవ్వలేదు.

ఇక్కడ ఎవరింటికి వెళ్ళినా గుమ్మం బయట ఆగి "ఓడీ" అంటారు. లోపలికి రావచ్చా అని. ఇంట్లోవాళ్ళు రమ్మన్నాకే అడుగు పెడతారు. పరీక్ష మొదటిరోజు పొద్దున గంట కొట్టారు. నంబర్ల ప్రకారం క్రిస్టినాకి కామేశంగారి బెంచీ వచ్చింది. నేను కిటికీ బయట ఉన్నాను. ఆ పిల్ల బెంచీ దగ్గరకొచ్చి, కూర్చోకుండా నిలబడి, "ఓడీ, కామేశం" అంది. ఒక్క క్షణం ఆగి, అప్పుడు కూర్చుంది. పక్క పిల్లాడూ అలాగే అన్నాడు. వెనక వరసలో ఉన్నవాళ్ళు తమ తమ బెంచీల మీద పేర్లు కూడబలుక్కుని చదువుకుని మరీ అడిగారు. కోదండరామయ్యగారి నాన్నగారి పేరు పొడుగైనది, అయినా వదల్లేదు. ఎవరూ చెప్పలేదు వాళ్ళకి. సిల్వియా చెప్పలేదు, నేనూ చెప్పలేదు. అప్పట్నుంచి రోజూ అడిగే కూర్చున్నారు.

నేను కిటికీ దగ్గర ఏడ్చాను. సంతోషానికే.

ఫలితాలు రావడానికి టైముంది. క్రిస్టినా లెక్కల పేపరు చూసి, "ఇంత తేలికా?" అని నన్నే అనుమానంగా అడిగింది. వాళ్ళ నాన్న కొట్లో పనికి ఇంకో మనిషి కోసం వెతుకుతున్నాడు.

మీ
ఇందుజ


తాడేపల్లిగూడెం
25 మే 2025

చిరంజీవి ఇందూ,

వాళ్ళిద్దరినీ వరండాలో కూర్చోబెట్టి చదివాను. ఒకచోట ఫోను మీ మావయ్య చేతికిచ్చాను, ఆయన పూర్తి చేశారు.

కోదండరామయ్యగారు ఆ అడిగే మాట ఏమిటో మళ్ళీ చదివించుకున్నారు. చదవడం అయిపోయాక ఎవరూ లేవలేదు. ఎండ వరండాలోకి వచ్చేసింది, అయినా అలాగే కూర్చున్నాం. అప్పుడు నాగరత్నం, ఎదురుగా ఎవరో పిల్లలు నిలబడి ఉన్నట్టు కాస్త పక్కకి జరిగి, "కూర్చోండమ్మా, కూర్చోండి" అంది.

క్షమించాను.

అత్తయ్య